కొలబద్దను సరిచూచిన పెద్దలు

తరతరాలుగా ఇంట పాటిస్తున్న ఆచారం గురించి ‘ఇది ఏ గ్రంథంలో ఉంది?’ అని పిల్లలు అడిగితే పెద్దలు నొచ్చుకోవడం కద్దు. నిజానికి ఆ ప్రశ్న భక్తికి విరోధి కాదు. పదహారు వందల ఏళ్ల క్రితం క్రైస్తవ మతపెద్దలకు ఇదే ప్రశ్న ఎదురైన వైనం తెలుసుకోదగినది.

తొలినాటి క్రైస్తవ సంఘాలన్నింటికీ ఒకే ధర్మశాస్త్రమంటూ లేదు. ‘డిడాకే’ అనే చిన్న గ్రీకు గ్రంథం జ్ఞానస్నానానికి, ఉపవాసానికి, అతిథి సేవకు విధులు చెప్పింది. ఊరూరా తిరిగే బోధకుడు ఒక రోజు, అవసరమైతే రెండు రోజులు ఉండవచ్చు. మూడోనాడూ ఉండిపోతే అతడు కపట ప్రవక్త అని హెచ్చరించింది. ఒక్క రాత్రి నిలిచేవాడే అతిథి అన్న మనుస్మృతి నిర్వచనం ఇక్కడ మీకు గుర్తుకు రాక మానదు.

క్రీ.శ. 325లో నైకేయా మహాసభ 20 నియమాలను ఏర్పరచింది. ఇటువంటి నియమాలకు ‘కానన్’ అని పేరు. గ్రీకు భాషలో ఆ మాటకు కొలబద్ద అని అర్థం. వాటిలో ఐదవదానిని గమనించండి. ఒక బిషప్పు వెలివేసినవారిని మరొక బిషప్పు చేర్చుకోరాదు. అయితే ఆ వెలి కక్షతో వేసినదేమో విచారించేందుకు ఏటా రెండుసార్లు ప్రాంతీయ సభ జరగాలి. ఒక మనిషి మానమర్యాదలు ఆ నియమాల మీద ఆధారపడి ఉండేవన్నమాట.

ఉత్తర ఆఫ్రికాలో అపియారియస్ అనే పురోహితుణ్ణి అతని బిషప్పు వెలివేశాడు. అతడు రోమ్‌కు మొరపెట్టుకున్నాడు. పోపు జోసిమస్ తన దూతలను పంపి, ఇటువంటి మొరలు విచారించే పద్ధతి నైకేయా నియమాలలోనే ఉందని చెప్పించాడు. 419లో కార్తేజ్‌లో కూడిన ఆఫ్రికా బిషప్పులు తమ ప్రతులు తిరగవేశారు. ఆ నియమాలు కనబడలేదు. వారు రోమ్‌ను ధిక్కరించలేదు, గుడ్డిగా తలవంచనూ లేదు. అసలు ప్రతులు వచ్చేవరకు ఆ నియమాలను మన్నిస్తామని చెప్పి, అలెగ్జాండ్రియాకు, కాన్‌స్టాంటినోపుల్‌కు మనుషులను పంపారు. వచ్చిన ప్రతులలోనూ ఆ 20 నియమాలే ఉన్నాయి!

రోమ్ దూతలు చదివినవి 343లో జరిగిన సెర్డికా సభ నియమాలు. రోమ్ ప్రతులలో వాటిని నైకేయా నియమాల వెంటనే వ్రాయడంతో రెండూ ఒక్కటిగా కలిసిపోయాయి.

క్రీ.శ. 500 ప్రాంతంలో డయోనీసియస్ అనే సన్న్యాసి రోమ్‌లో గ్రీకు నియమాలను లాటిన్‌లోకి అనువదించి సంకలనం చేశాడు. క్రీస్తు జననం నుంచి సంవత్సరాలు లెక్కించే పద్ధతి ప్రవేశపెట్టినవాడూ ఇతడే. సెర్డికా నియమాలను వాటి పేరిటనే చేర్చాడు. అపొస్తలులవిగా చెప్పబడే 50 నియమాలను మొదట ఉంచి, వాటిని అందరూ సులభంగా అంగీకరించలేదని ముందుమాటలో దాచకుండా వ్రాశాడు.

మీ ఇంటి నోముల పుస్తకంలోనో, వ్రతవిధానంలోనో సందేహం కలిగితే మరొక ప్రతి చూడండి, తెలిసిన పండితులను అడగండి. మూలాన్ని వెదకడం అపచారం కాదు. శాస్త్రం పేరిట సాటి మనిషిని దూరం పెట్టవలసి వచ్చినప్పుడు, ఆ శాస్త్రం నిజంగా అలా చెప్పిందా అని చూడడం మన విధి.