అప్పుల చిట్టా విప్పితేనే రహస్యాల తాళం

1985 ఏప్రిల్‌లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఉద్యోగి ఆల్డ్రిచ్ ఏమ్స్ రహస్యాలు అమ్ముకోవడానికి వాషింగ్టన్‌లోని సోవియట్ ఎంబసీ గడప తొక్కాడు. విడాకుల ఖర్చులు, అప్పులు మెడకు చుట్టుకున్నాయి మరి. మొదటి విడతగా ముట్టింది 50 వేల డాలర్లు. తర్వాత 5.4 లక్షల డాలర్ల ఇల్లు రొక్కమిచ్చి కొన్నాడు. 1994లో దొరికిపోయాడు.

అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్‌కు, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసే అనుమతికి, అప్పులు ఆరా తీసేది అప్పులపాలైనవాళ్లు ఇలా రహస్యాలు అమ్ముకుంటారన్న భయంతోనే. ఎస్‌ఎఫ్-86 దరఖాస్తులో గత ఏడేళ్ల దివాలాలు, 120 రోజులు దాటిన బాకీలు, ఎగ్గొట్టిన పన్నులు రాయాలి.

అప్పుండటం తప్పేమీ కాదు. ఇంటి వాయిదాలు సక్రమంగా కడుతుంటే చిక్కులేదు. ఉద్యోగం పోయో, జబ్బుచేసో బాకీపడ్డవాళ్లు ఇప్పుడు తీరుస్తున్నట్టు రసీదులు చూపితే అధికారులు ఆలకిస్తారు. జూదం బాకీలు, దాచిపెట్టిన లెక్కలే కొంప ముంచేది.

అమెరికా పౌరులైన తెలుగువారు ఈ క్లియరెన్స్ కావాల్సిన ఉద్యోగాలకు వెళ్లినా ఇవే ప్రశ్నలు.