ఢిల్లీ కాలుష్యం: వెల్డింగ్ ఆపమంటే అల్యూమినియం పని ఎక్కడ ఆగుతుంది? ఎవరి కూలీ పోతుంది?

ఢిల్లీలో చలికాలం వచ్చి గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) 400 దాటితే నిర్మాణ పనులపై ఆంక్షలు మొదలవుతాయి. మట్టి తవ్వకం, కూల్చివేత, ఇటుక పని, పెయింటింగ్‌తో పాటు ఆ నిషేధ జాబితాలో వెల్డింగ్ కూడా ఉంది.

బాల్కనీకి అల్యూమినియం తలుపులు, డాబా మీద షెడ్డు, మెట్లకు రెయిలింగ్ ఆర్డర్ ఇచ్చి అడ్వాన్స్ కట్టినవాళ్లకు అప్పుడు ఒకటే అనుమానం. పని సాగుతుందా, ఆగుతుందా? ఆ పని చేసేవాళ్ల ప్రశ్న వేరు. ఆగిన రోజులకు కూలీ ఎవరిస్తారు?

రెండింటికీ జవాబు ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది. పనిలో ఎంత భాగం వర్క్‌షాప్‌లో జరుగుతుంది, ఎంత భాగం సైట్‌లో జరుగుతుంది అన్నదే ఆ విషయం.

నిబంధన ఏం చెబుతోంది?

ఢిల్లీతో పాటు హరియాణా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలోని ఎన్‌సీఆర్ జిల్లాల్లో గాలి కాలుష్యాన్ని బట్టి ఏ చర్యలు తీసుకోవాలో చెప్పే ప్రణాళిక పేరు గ్రాప్. సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత 2017 జనవరిలో దీన్ని నోటిఫై చేశారు. ఇప్పుడు దీన్ని కమిషన్ ఫర్ ఎయిర్ క్వాలిటీ మేనేజ్‌మెంట్ (సీఏక్యూఎం) అమలు చేస్తోంది.

ఇందులో నాలుగు దశలున్నాయి. ఏక్యూఐ 201 దాటితే మొదటిది, 301 దాటితే రెండోది, 401 దాటితే మూడోది, 450 మించితే నాలుగోది. నిర్మాణ రంగానికి అసలు దెబ్బ మూడో దశలో తగులుతుంది. దుమ్ము లేపే, గాలిని పాడుచేసే పనులను ఆ దశలో ఆపాలి. 'భారీ వెల్డింగ్, గ్యాస్ కటింగ్' పనులు కూడా అందులోకే వస్తాయి. ప్లంబింగ్, ఎలక్ట్రికల్, మెకానికల్ పనులకు అవసరమయ్యే చిన్నపాటి వెల్డింగ్‌కు మాత్రం మినహాయింపు ఉంది.

ఎన్ని అడుగుల అతుకు దాటితే అది 'భారీ' పని అవుతుందో ఆ వాక్యం చెప్పదు. అందుకే సైట్‌లో నిప్పురవ్వలు కనిపిస్తే తనిఖీకి వచ్చేవారికి, పని చేయించేవారికి మధ్య వాదన తప్పదు.

మూడో దశలో మెట్రో, రైల్వే, ఆసుపత్రులు, జాతీయ రహదారుల వంటి కొన్ని ప్రాజెక్టులకు షరతులతో వెసులుబాటు ఉంటుంది. నాలుగో దశ వస్తే రోడ్లు, ఫ్లైఓవర్లు, పైప్‌లైన్ల వంటి ప్రభుత్వ పనులకూ నిషేధం వర్తిస్తుంది. సొంత ఇంటి పనికి మూడో దశలోనూ అలాంటి వెసులుబాటు లేదు.

ఈ జాబితా నిర్మాణ, కూల్చివేత పనులకు సంబంధించింది. పారిశ్రామిక యూనిట్లకు నిబంధనలు వేరు. అక్కడ ప్రధానంగా చూసేది ఏ ఇంధనం వాడుతున్నారన్నది. కరెంటుతో కోత, డ్రిల్లింగ్, అతుకు పని చేసే ఫ్యాబ్రికేషన్ షాపును, నిర్మాణ స్థలంలో జరిగే వెల్డింగ్‌ను ఒకే గాటన కట్టలేం. అల్యూమినియం పని విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం.

అల్యూమినియం కిటికీకి వెల్డింగ్ అవసరమా?

చాలావరకు అవసరం లేదు. ఇనుప గ్రిల్లు, గేట్లు చూసిన అలవాటుతో లోహపు పని అనగానే వెల్డింగ్ రాడ్డే గుర్తొస్తుంది. కానీ మామూలు అల్యూమినియం కిటికీని సెక్షన్ కోసి, మూలల్లో లోపలి నుంచి బ్రాకెట్లు పెట్టి, స్క్రూలు బిగించి తయారుచేస్తారు. రబ్బరు బీడింగ్, అద్దం, రోలర్లు ఆ తర్వాత వస్తాయి. ఇందులో నిప్పురవ్వలతో పనే లేదు.

వెల్డింగ్ కావాల్సింది రెయిలింగ్, గేటు, నిచ్చెన, ట్యాంకు, వాహనాల బాడీ, షెడ్డు ఫ్రేమ్ లాంటి వాటికి. వీటిలో చాలావాటిని కొలత తీసుకుని విడిగా చేయాలి.

మరి అల్యూమినియం కిటికీల పని చలికాలంలో ఎందుకు ఆగుతుంది? తరచూ కారణం అల్యూమినియం కాదు, దాని చుట్టూ ఉండే పని. కిటికీ కూర్చోవాల్సిన గోడకు ప్లాస్టరింగ్ కాకపోయినా, కింద గ్రానైట్ పట్టీ పడకపోయినా ఫ్రేమ్ బిగించలేరు. ప్లాస్టరింగ్, రాయి కోత రెండూ నిషేధ జాబితాలో ఉన్నాయి. చిన్నపాటి ఇండోర్ మరమ్మతులకే వెసులుబాటు. పెద్ద అద్దాల గోడలైతే వాటిని మోసే ఇనుప బ్రాకెట్లను సైట్‌లోనే వెల్డ్ చేస్తుంటారు. అది ఆగితే షాపులో సిద్ధమైన అల్యూమినియం ఫ్రేములు అక్కడే పడి ఉంటాయి.

అల్యూమినియం వెల్డింగ్ ఎందుకు కష్టం?

ఇనుము వెల్డర్లందరూ అల్యూమినియం వెల్డ్ చేయలేరు. దానికి కారణం ఆ లోహం స్వభావం.

పాల మీద మీగడ కట్టినట్టు అల్యూమినియం మీద ఎప్పుడూ పలుచని ఆక్సైడ్ పొర ఉంటుంది. గీకేసినా గాలి తగలగానే మళ్లీ వస్తుంది. తుప్పు పట్టకుండా లోహాన్ని కాపాడేది ఈ పొరే. వెల్డింగ్‌కు అడ్డుపడేదీ ఇదే. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఆక్సైడ్ పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. అంటే లోపలి లోహం నీళ్లలా మారినా పైపొర గట్టిగానే ఉంటుంది.

టిగ్ వెల్డింగ్‌లో ఏసీ కరెంటు వాడేది అందుకే. కరెంటు దిశ మారిన ప్రతిసారీ ఒక భాగం ఆ పొరను చెదరగొడుతుంది, రెండో భాగం లోహాన్ని కరిగిస్తుంది. కరిగిన చోట గాలి తగలకుండా చుట్టూ ఆర్గాన్ వాయువు వదులుతారు.

ఇంకో చిక్కు వేడి. అల్యూమినియం మామూలు ఉక్కు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడిని లాగేసుకుంటుంది. అందుకే ఎక్కువ కరెంటు ఇవ్వాలి. పైగా ఇనుములా కరిగే ముందు ఎర్రబడి హెచ్చరించదు. చూస్తుండగానే కన్నం పడుతుంది. తేమ, నూనె, దుమ్ము ఉంటే అందులోని హైడ్రోజన్ కరిగిన లోహంలో చేరి, చల్లబడేటప్పుడు లోపల బుడగలు మిగులుస్తుంది. పైకి అతుకు నున్నగానే కనిపిస్తుంది.

సైట్‌లో వెల్డింగ్ చేస్తే నష్టమేంటి?

ఆరుబయట గాలి వీస్తే ఆర్గాన్ చెదిరిపోతుంది, అతుకు పాడవుతుంది. డాబా మీద, ఎత్తైన అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఈ సమస్య ఎక్కువ.

అప్పటికే పౌడర్ కోటింగో అనోడైజింగో చేసిన సెక్షన్‌ను వెల్డ్ చేస్తే అక్కడ పూత కాలిపోతుంది. స్ప్రే పెయింట్ కొట్టి కప్పేస్తే కొన్నాళ్లకు రంగు తేడా బయటపడుతుంది. సరైన వరుస ఏమిటంటే ముందు కోత, తర్వాత వెల్డింగ్, రాపిడి, శుభ్రం చేయడం, చివర పూత. ఇదంతా షాపులోనే సాధ్యం.

అన్నిటికంటే ముఖ్యమైంది బలం. కిటికీ సెక్షన్లకు ఎక్కువగా వాడే 6063, కాస్త బరువు మోసే పనులకు వాడే 6061 రకాలకు ఫ్యాక్టరీలోనే వేడితో బలం తెప్పిస్తారు. మళ్లీ వెల్డింగ్ వేడి తగిలితే అతుకు పక్కన ఆ బలం దాదాపు సగానికి పడిపోవచ్చు. రెయిలింగ్ మీద మనిషి ఆనుకుంటే ఎక్కువ ఒత్తిడి పడేది స్తంభం అడుగు భాగంలో. సరిగ్గా అక్కడే పలక మీద వెల్డ్ చేస్తే, బలహీనమైన చోటే భారమంతా పడుతుంది. పిల్లలు తిరిగే బాల్కనీకి ఇది చిన్న విషయం కాదు. అందుకే మందమైన సెక్షన్ తీసుకోవాలి, లేదా వెల్డింగ్ లేకుండా బోల్టులతో బిగించే సాకెట్ వాడాలి.

ఇంకో సంగతి: అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతు, బిగువు కూడా దాదాపు మూడో వంతే. ఇనుప పైపు తీసేసి అదే సైజు అల్యూమినియం పైపు పెడితే మూడు రెట్లు వంగుతుంది.

అంటే కాలుష్య నిబంధన చెప్పేదీ, లోహం స్వభావం చెప్పేదీ ఒకటే. వెల్డింగ్ షాపులో జరగాలి, సైట్‌లో బోల్టులు బిగించడమే మిగలాలి. అలా ప్లాన్ చేసిన పనికి చలికాలపు దెబ్బ తక్కువ.

పని ఆగితే కూలీ ఎవరిస్తారు?

2024లో నవంబర్ 15న మూడో దశ, 18న నాలుగో దశ ఆంక్షలు అమల్లోకి వచ్చాయి. డిసెంబర్ 5న సడలించారు. 16న మళ్లీ విధించారు. రోజు కూలీ మీద బతికేవాళ్లకు దాదాపు మూడు వారాలు వరుసగా పని లేదు.

ఆ సమయంలోనే నిర్మాణ కార్మికులకు జీవన భృతి ఇవ్వాలని సుప్రీంకోర్టు ఎన్‌సీఆర్ రాష్ట్రాలను ఆదేశించింది. నిర్మాణాల మీద వసూలు చేసే సెస్ నిధిని అందుకు వాడాలని చెప్పింది. ఢిల్లీ ప్రభుత్వం ఒక్కొక్కరికి రూ. 8,000 చొప్పున ప్రకటించి, మొదట 90,693 మందికి రూ. 2,000 మాత్రమే ఇచ్చింది. మిగిలిన రూ. 6,000 ఎందుకివ్వలేదని కోర్టు నిలదీశాక ఆ చెల్లింపు కదిలింది.

ఈ సాయం సంక్షేమ బోర్డులో నమోదైన వారికే. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం నమోదు కావాలంటే వయసు 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండాలి, గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఈ 90 రోజుల షరతు ఉంది.

అల్యూమినియం పనివాళ్లకు ఇబ్బంది ఇక్కడే. కొలతలు తీసుకుని, ఫ్రేములు బిగించే ఫిట్టర్ సైట్‌లోనే కనిపిస్తాడు. కానీ ఇవాళ ఒక ఇల్లు, రేపు ఒక దుకాణం అన్నట్టు తిరిగే అతనికి 90 రోజుల పని చేసినట్టు రాసిచ్చే యజమాని దొరకడం కష్టం. షాపులో కూర్చుని కోసి, వెల్డ్ చేసేవాడు నిర్మాణ స్థలంలో అసలు కనిపించడు. సైట్ ఆగితే షాపుకు ఆర్డర్లు ఆగుతాయి, అతని కూలీ కూడా ఆగుతుంది. అయినా పని పోయిన నిర్మాణ కార్మికుల లెక్కలోకి అతను రావడం తేలిక కాదు.

చిన్న ఇళ్ల పనుల సంగతి మరొకటి. సొంత నివాసానికి చేయించే నిర్మాణ పని మొత్తం ఖర్చు పాత చట్టంలో రూ. 10 లక్షలు మించకపోతే దాని పరిధిలోకి వచ్చేది కాదు. కొత్త కోడ్‌లో ఆ పరిమితి రూ. 50 లక్షలు. అల్యూమినియం పనివాళ్లకు అన్నం పెట్టే బాల్కనీలు, కిటికీలు, షెడ్లలో చాలా భాగం ఈ గీతకు ఇవతలే ఉంటాయి.

వెల్డర్‌ ఆరోగ్యం మాటేమిటి?

ఊరి గాలి గురించి చర్చ జరిగేటప్పుడు వెల్డర్ ముఖం ముందున్న గాలి గురించి మాట్లాడేవారు తక్కువ. వెల్డింగ్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ఐఏఆర్‌సీ 2017లో ప్రకటించింది. అల్యూమినియం టిగ్ వెల్డింగ్‌లో కంటికి పొగ తక్కువగా కనిపిస్తుంది. కానీ దాని తీవ్రమైన అతినీలలోహిత కాంతి వల్ల ఓజోన్ పుడుతుంది. ఆర్గాన్ గాలి కంటే బరువైన వాయువు. మూసి ఉన్న చిన్న గదిలో చేరితే ఊపిరాడదు, వాసన కూడా ఉండదు.

పని షాపులోకి మారితే ఊరి దుమ్ము తగ్గవచ్చు. షాపులో పొగను బయటికి లాగే ఫ్యాను లేకపోతే, ఆ భారమంతా వెల్డర్ ఊపిరితిత్తుల మీదే పడుతుంది.

ఆర్డర్ ఇచ్చే ముందు ఏం అడగాలి?

• సెక్షన్ మందం ఎంత, మీటరుకు బరువెంత? సెక్షన్‌ను కిలోల్లో కొని, కిటికీని చదరపు అడుగుల్లో అమ్ముతారు. ధర తక్కువ చెప్పినచోట సెక్షన్ పలుచబడి ఉండొచ్చు. ఒక మిల్లీమీటరు మందమున్న అల్యూమినియం రేకు చదరపు మీటరుకు 2.7 కిలోలు తూగుతుంది.

• ఏ అతుకులు వెల్డింగ్, ఏవి స్క్రూ లేదా బోల్టు? వెల్డింగ్ తర్వాతే పూత వేస్తారా?

• వెల్డింగ్‌కు ఏ తీగ వాడతారు? తర్వాత అనోడైజింగ్ చేయాలంటే 5356 రకం అడగాలి. 4043 వాడితే అతుకు నల్లబడి కనిపిస్తుంది.

• అల్యూమినియం నేరుగా ఇనుముకు ఆనుతోందా? మధ్యలో రబ్బరు లేదా ప్లాస్టిక్ పొర లేకపోతే తడి తగిలినప్పుడల్లా అల్యూమినియం తినేస్తుంది.

• గోడ, ప్లాస్టరింగ్, రాయి పని అక్టోబర్‌కల్లా పూర్తవుతాయా? గ్రాప్ వల్ల పని ఆగితే గడువు ఎలా లెక్కిస్తారు, అప్పటికి షాపులో చేసిన పనికి డబ్బు ఎప్పుడిస్తారు?

చివరి ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసుకుంటే ఇద్దరికీ మేలు. ఫ్రేములు షాపులో సిద్ధంగా ఉండి, గోడ సిద్ధంగా లేని మూడు వారాల్లో యజమానికి పోయేది సమయం. ఆ ఫ్రేములు చేసినవాడికి పోయేది ఇంటి అద్దె.