పాపాయి నుదుట గీత పడకుండా..

అంచు సాగే ఊలు టోపీ కోసం ముప్ఫై ఏళ్ల చేతివాటం మార్చుకున్న అమ్మమ్మ

హోసూరు:

కార్తీకం వచ్చిందంటే హోసూరులో పొద్దున ఎనిమిదింటి దాకా చలి వదలదు. ఇక్కడి తెలుగు ఇళ్లలో ఊలు ఉండలు, అల్లిక సూదులు బీరువాల్లోంచి బయటికి వచ్చేది అప్పుడే. ఇక్కడ స్థిరపడిన ఓ రిటైర్డు టీచరమ్మ కూడా గత చలికాలంలో సూదులు పట్టారు. బెంగళూరులో ఉంటున్న కూతురికి తొలి కాన్పు. ఆడపిల్ల పుట్టింది. అల్లికలో ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న చేయి కదా, వారం తిరక్కుండానే లేత పసుపు టోపీ తయారైంది.

బారసాలకు వెళ్లి మనవరాలి తలకు తొడిగారు. గంట తర్వాత తీసి చూస్తే నుదుటి మీద ఎర్రటి గీత. కూతురు ఒక్క మాట అనలేదు. టోపీని మడిచి పక్కన పెట్టి, అంగట్లో కొన్న గుడ్డ టోపీ తొడిగింది. ఆ మౌనమే టీచరమ్మకు గుచ్చుకుంది. ‘తల కొలత తప్పలేదు, కుట్ల లెక్క తప్పలేదు.. మరి ఎక్కడ పొరపాటు జరిగింది?’ తిరుగు బస్సులో హోసూరు దాకా ఇదే ఆలోచన.

తప్పు తొలి వరుసలోనే..

టోపీ మొత్తం చక్కగా సాగుతోంది. అంచు ఒక్కటే సాగలేదు. అల్లిక మొదలుపెట్టేటప్పుడు సూది మీదికి ఎక్కించే తొలి వరుసే టోపీకి అంచు అవుతుంది. ఆ వరుసలో కుట్టుకూ కుట్టుకూ నడుమ ఎంత దారం ఉంటే అంచు అంతవరకే సాగుతుంది. పై వరుసలు ఎంత వదులుగా అల్లినా అడుగు దారం పెరగదు.

ముందు భాగం, వెనక భాగం విడివిడిగా అల్లి కలిపి కుట్టే వదులు స్వెట్టర్లలో ఈ లోపం అంతగా బయటపడదు. గుండ్రంగా అల్లే టోపీలు, మేజోళ్ల సంగతి వేరు. తిరుప్పూరులో బనియన్ గుడ్డ గుండ్రటి మిషన్ల మీంచి గొట్టంలా దిగినట్టే ఇవీ అతుకు లేకుండా వస్తాయి. అతుకు లేదు కాబట్టి పసిపిల్లల తలకు ఒత్తుకోవు. అయితే టోపీ తల చుట్టుకొలత కంటే కాస్త చిన్నదిగా ఉండి, సాగి పట్టుకోవాలి. అంచు సాగకపోతే అదే బిగుసుకుపోతుంది.

చాలామంది చెప్పే చిట్కా ఒకటుంది.. రెండు సూదులు కలిపి పట్టుకుని కుట్లు ఎక్కించడం. టీచరమ్మ మొదట అదే చేసి చూశారు. కుట్లు పొడుగై అంచు అందం చెడింది. లాగితే మాత్రం మళ్లీ అక్కడే ఆగింది. కుట్టు పెద్దదైంది గానీ కుట్ల నడుమ దారం పెరగలేదు మరి.

‘పువ్వు కాడ తెంపుతారా?’

దారి చూపింది మేడ మీద అద్దెకుంటున్న కన్నడ అమ్మాయి. మామూలు పద్ధతికి ఒక్క మెలిక ఎక్కువ వేసే విధానం ఆమెకు తెలుసు. ఇంగ్లీషు అల్లిక పుస్తకాల్లో దీన్ని ‘ఓల్డ్ నార్వీజియన్’ అనీ, ‘జర్మన్ ట్విస్టెడ్’ అనీ అంటారు. ఆ మెలిక వల్ల ప్రతి కుట్టు అడుగునా కాస్త దారం అదనంగా చేరుతుంది. లాగినప్పుడు అంచు సాగేది ఆ దారంతోనే.

మెలిక నేర్వడం ఒక్క సాయంత్రం పని. పాత అలవాటు మానుకోవడమే కష్టమైంది. ‘అంచు గట్టిగా ఉండాలి’ అని చిన్నప్పుడు బళ్లో నేర్పిన మాట ప్రకారం టీచరమ్మ చేయి ప్రతి కుట్టునూ ఎక్కించగానే బిగించేస్తోంది. మూడుసార్లు ఎక్కించి మూడుసార్లూ విప్పారు. ‘సడిల బిడి, అమ్మా’ అంది ఆ అమ్మాయి కన్నడంలో. సడలించమన్న మాట తెలుగు చెవికి అర్థం కాకపోదు. చేతికే అర్థం కావడం లేదు.

చివరికి ఆ అమ్మాయే అడిగింది: ‘మల్లెలు కట్టేటప్పుడు దారం లాగి పువ్వు కాడ తెంపేస్తారా అమ్మా? జారకుండా పట్టి వదిలేస్తారు కదా. ఇదీ అంతే.’ రోజూ పూలు కట్టే చేయి. ఆ మాటతో దారి దొరికింది. నాలుగోసారి ఎక్కించిన వరుసను విప్పాల్సిన పని పడలేదు.

మెలిక ఇలా..

సూదికి ఊలును పది చుట్లు చుట్టి, విప్పి కొలిస్తే పది కుట్లకు పట్టే పొడవు తెలుస్తుంది. ఈ పద్ధతికి దారం ఎక్కువ పడుతుంది కాబట్టి లెక్కకు ఇంకో సగం కలిపి కొస వదలాలి. ఒక ముడి ఉచ్చు వేసి కుడిచేతి సూదికి ఎక్కించాలి. కొస దారం ఎడమ బొటనవేలికి, ఉండ దారం చూపుడు వేలికి చుట్టి, మిగిలిన వేళ్లతో రెండింటినీ అరచేతిలో పట్టుకోవాలి.

సూది మొనను బొటనవేలి మీది రెండు దారాల కిందుగా పోనిచ్చి, అవతలి దారం మీదుగా తిప్పి, రెండింటి నడుమ కిందికి దించి, ఇవతలి దారం కిందుగా మనవైపు తేవాలి. అక్కడ ఇంటూ గుర్తులా మెలిక పడుతుంది. ఇప్పుడు చూపుడు వేలి మీది దారాన్ని పైనుంచి సూదితో అందుకోవాలి. బొటనవేలిని వంచితే ఉచ్చు తెరుచుకుంటుంది. అందుకున్న దారంతో సహా సూదిని ఆ ఉచ్చులోంచి కిందికి తెచ్చి వేలు వదలాలి. మెల్లగా సర్దాలి తప్ప బిగించకూడదు. కుట్ల నడుమ కొంచెం ఎడం వదిలితే ఇంకా మంచిది.

అంగుళానికి ఐదు కుట్లు పడే ఊలుతో అయితే పసిపాప టోపీకి 64 కుట్లు సరిపోతాయి. నాలుగు సూదుల మీద 16 చొప్పున సర్ది, ఐదో సూదితో అల్లాలి. గుండ్రంగా కలిపే ముందు అంచు అంతా లోపలి వైపే ఉందో లేదో చూసుకోవాలి. ఎక్కడైనా మెలి తిరిగి ఉంటే విప్పడం తప్ప వేరే దారి లేదు. మొదటి అంగుళం రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున రిబ్ అల్లితే అంచు సాగి మళ్లీ దగ్గరికి వస్తుంది.

అనుమానం ఉన్నవాళ్లు పాత పద్ధతిలో 20 కుట్లు, ఈ పద్ధతిలో 20 కుట్లు ఎక్కించి, నాలుగేసి వరుసలు అల్లి పక్కపక్కన లాగి చూడొచ్చు. తేడా వెంటనే తెలుస్తుంది.

కొబ్బరికాయకు టోపీ!

ఈసారి టీచరమ్మ తొందరపడలేదు. పూజగదిలోని ఒలిచిన కొబ్బరికాయకు తొడిగి, రాత్రంతా ఉంచి, పొద్దున తీసి చూశారు. అంచు మళ్లీ దగ్గరికి వచ్చింది. ఆ తర్వాతే బెంగళూరు బస్సెక్కారు.

అక్కడ పాపకు టోపీ పెట్టి, పూట గడిచాక కూతురే తీసింది. నుదురు నున్నగా ఉంది. ఈసారీ పెద్దగా ఏమీ అనలేదు. ‘అమ్మా, ఇంకోటి అల్లు.. కొంచెం పెద్దది’ అంది. పుట్టినప్పుడు 35 సెంటీమీటర్లు ఉండే తల ఏడాదికి 46 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అంచు ఎంత సాగినా అంత దూరం రాదు.

హోసూరు చేరిన రాత్రే కొత్త ఉండ విప్పారు. ఈసారి 80 కుట్లు.