చంద్రకాంత పూలతో జన్యుశాస్త్రం

శ్రీరంగాపూర్ నుంచి పెబ్బేరు మీదుగా వెళ్ళి, బీచుపల్లి దగ్గర కృష్ణానది దాటితే గద్వాల ప్రాంతం వస్తుంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు. ఇక్కడ చాలామంది రైతులు 'సీడు పత్తి' వేస్తారు. అంటే దూది కోసం కాక, విత్తనాల కోసం పండించే పత్తి అన్నమాట.

మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను ముందురోజు సాయంత్రమే గుర్తించి, ఆడ వరుసలోని మొగ్గల నుంచి రేకులనూ కేసరాలనూ గోటితో తీసేస్తారు. ఉదయం మగ వరుస నుంచి పువ్వు తెచ్చి, దాని పుప్పొడిని కీలాగ్రానికి రుద్దుతారు. దీన్నే 'క్రాసింగ్' అంటారు. ప్రతి పువ్వుకూ చేత్తో చేయవలసిందే! ఇలా తయారైన సంకర పత్తిలో మొదటిది, 1970లో సూరత్‌లో డాక్టర్ సి.టి. పటేల్ రూపొందించిన హైబ్రిడ్-4.

సంకర విత్తనం వేస్తే చేనంతా ఒకే తీరుగా ఎదుగుతుంది. ఆ పంట గింజలనే దాచి మరుసటి ఏడు వేస్తే మాత్రం ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి. ఒకటి బాగా కాస్తుంది, ఒకటి కాయదు. అందుకే రైతు ఏటా విత్తనం కొనక తప్పదు. ఎందుకిలా? జవాబు మీ బడితోటలోని చంద్రకాంత మొక్క చెబుతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు కారెన్స్ ప్రయోగాలు చేసిన మొక్కలలో ఇదీ ఒకటి. 1900లో మెండెల్ సూత్రాలను మళ్ళీ వెలుగులోకి తెచ్చినవారిలో ఆయన ఒకడు.

కావలసినవి: ఎర్రపూల మొక్క, తెల్లపూల మొక్క, చిన్న పట్టకారు, పలచని గుడ్డ సంచులు, దారం. ముందుగా ఒక్కొక్క మొక్క గింజలను విడిగా వేసి, ఎరుపుకు ఎరుపే, తెలుపుకు తెలుపే వస్తున్నాయని నిర్ధారించుకోండి.

చంద్రకాంత సాయంత్రం పూస్తుంది. కాబట్టి మధ్యాహ్నమే ఎర్రపూల మొగ్గను మెల్లగా చీల్చి, అయిదు కేసరాలనూ తీసి సంచి కట్టండి. పువ్వు విచ్చుకున్నాక తెల్లపువ్వు పుప్పొడిని కీలాగ్రానికి అద్ది, మళ్ళీ సంచి కట్టండి. కొన్ని పూలకు కేసరాలు తీసి, పుప్పొడి అద్దకుండా వదలండి. వాటికి గింజ కట్టకూడదు. కట్టిందంటే ఎక్కడో ఒక కేసరం మిగిలిపోయిందన్నమాట! పువ్వుకు మిరియం లాంటి నల్లగింజ ఒకటే వస్తుంది. అది విషం, నోట పెట్టుకోకండి, పని కాగానే చేతులు కడుక్కోండి.

ఆ గింజలు మొలిచి పూస్తే పూలన్నీ గులాబిరంగే! ఇప్పుడు గులాబి పూల మొగ్గలకు సంచులు కట్టి, వాటి పుప్పొడితోనే గింజ కట్టనివ్వండి. ఈ గింజలు వేస్తే నాలుగింట ఒక వంతు ఎరుపు, రెండు వంతులు గులాబి, ఒక వంతు తెలుపు వస్తాయి.

కారణం చూద్దాం. ప్రతి మొక్కలో ఈ రంగుకు రెండు జన్యువులుంటాయి: తల్లి ఇచ్చినదొకటి, తండ్రి ఇచ్చినదొకటి. రెండూ ఎరుపువైతే ఎర్రపువ్వు, రెండూ తెలుపువైతే తెల్లపువ్వు, చెరొకటైతే గులాబి. గులాబి మొక్క తన సంతానానికి ఏదో ఒకటే ఇవ్వగలదు. కనుక జతలు మళ్ళీ విడిపోతాయి.

నాలుగు మొక్కలతోనే లెక్క తేల్చకండి. నాలుగూ గులాబివే కావడం పదహారుసార్లకు ఒకసారి జరగవచ్చు. తరగతి అంతా కలిసి కనీసం 40 మొక్కలు పెంచి, పూలరంగులు పట్టికలో రాయండి. సుమారు 10, 20, 10 వస్తాయి.

సంకర పత్తిలోనూ ఇదే జరుగుతుంది. అక్కడ ఒక జత కాదు, ఎన్నో జన్యువుల జతలు విడిపోతాయి. అందుకే దాచిన గింజ మోసం చేస్తుంది. కేసరం మిగిలిన మొగ్గ వల్ల కల్తీ గింజలూ వస్తాయి. ప్రయోగశాలలో గింజ డి.ఎన్.ఎ. పరీక్షిస్తే, నిజమైన సంకరంలో తల్లి గుర్తూ తండ్రి గుర్తూ రెండూ కనిపిస్తాయి; కల్తీదానిలో తల్లి గుర్తు ఒకటే ఉంటుంది.

ఈ క్రాసింగు పనికోసం బడి మానిన పిల్లలు నడిగడ్డలో ఎందరో ఉన్నారు. మొగ్గ గిల్లే నేర్పు వారికి వచ్చింది గాని, ఎందుకు గిల్లాలో చెప్పినవారు లేరు. ఆ 'ఎందుకు' తెలియాలంటే బడిలో ఉండాలి. ఈ వానాకాలమే చంద్రకాంత గింజలు వేయండి!