తల్లి బ్రతికియున్న బిడ్డలు

తల్లి పోయిన తండ్రి పినతండ్రి యని మనవారి సామెత. తండ్రి పోయినచో తల్లి యేమగునో ఆ సామెత చెప్పలేదు. ఆమె తల్లిగానే ఉండునని, ఎట్లో యొకట్లు బిడ్డలను సాకుకొనునని లోకమునకున్న ధీమాయే దానికి కారణము కావచ్చును. కోవిడ్ మహమ్మారి దేశమును చుట్టుముట్టిన 2020, 2021 సంవత్సరములలో ప్రభుత్వములు ప్రకటించిన సహాయ పథకములను వరుసగా చదివినవారికి, వానిలో పలుచోట్ల ఈ ధీమాయే తిరిగి కనిపించును.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను మొదలయ్యెను. మరునాడే కేంద్ర ప్రభుత్వము పేదలకు సహాయము ప్రకటించెను. జన్‌ధన్ ఖాతాలున్న ఇరువది కోట్లకు పైగా స్త్రీలకు నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు. మనిషికి నెలకు 5 కిలోల బియ్యమో గోధుమలో ఉచితము. బ్యాంకుల వద్ద జనము గుమికూడకుండుటకై ఖాతా సంఖ్యలోని చివరి అంకెనుబట్టి తేదీలు నిర్ణయించిరి. సున్న, ఒకటి అంకెలవారు ఏప్రిల్ 3న, రెండు, మూడు అంకెలవారు 4న రావలెను. ఏర్పాటు చక్కనిదే. కాని ఇంట మరియొక పెద్దదిక్కు లేని తల్లి ఆ వరుసలో నిలుచున్నంతసేపు పసిబిడ్డ ఎవరి యొడిలో ఉండవలెనో ఏ అంకెయు చెప్పదు.

అదే ప్రకటనలో వృద్ధులకు, వికలాంగులకు, వితంతువులకు రెండు విడతలలో 1,000 రూపాయలు అదనముగా ఇత్తుమనిరి. అయితే ఇక్కడ వితంతువులనగా అప్పటికే కేంద్ర పింఛను జాబితాలో ఉన్నవారు. ఆ జాబితాలో చేరుటకు నలువది యేండ్లు నిండియుండవలెను. పింఛను మొత్తము 2012 నుండియు నెలకు 300 రూపాయలే. నలువదికి లోపలి వయస్సు చంకలో ఒక బిడ్డ, బడిలో ఒక బిడ్డ ఉండు వయస్సు. పిల్లలు చేతికి అందివచ్చిన తరువాత గాని తల్లికి ఆసరా అక్కరలేదని ఈ నిబంధన వ్రాసినవారు తలంచిరి కాబోలు!

ఈ లోటును రాష్ట్రములు కొంత పూడ్చినవి. తెలంగాణలో ఆసరా పింఛను 2019 నుండి 2,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో అదే యేడు 2,250 రూపాయలు. రెండు చోట్లను పదునెనిమిదేండ్లు నిండిన వితంతువులు అర్హులే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరి నుండి, అనగా లాక్‌డౌనుకు రెండు నెలలైనను ముందు కాకుండ, గ్రామ వలంటీర్లు ఈ సొమ్మును ఒకటవ తేదీన ఇంటివద్దకే తెచ్చి ఇచ్చుట ఆరంభించిరి. ఆ వ్యవస్థపై తరువాత ఎన్ని వాదములు చెలరేగినను, గడప దాటుటకు వీలులేని ఆ దినములలో సొమ్ము గడప వద్దకే వచ్చుట ఒంటరి తల్లికి చిన్న మేలు కాదు.

ఇక బడుల సంగతి. ఒంటరి తల్లి కుటుంబమునకు బడి యెంత ఆధారమో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. బడులు మూతపడగానే మధ్యాహ్న భోజనము ఆగునని గ్రహించి 2020 మార్చి 18న సుప్రీంకోర్టు తనంత తానుగా రాష్ట్రములకు నోటీసులిచ్చెను. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యము, గుడ్లు, వేరుసెనగ చిక్కీలు పిల్లల ఇండ్లకు పంపిరి. ఆ విధముగా అన్నము ఇల్లు చేరినది. కాని బడి పెట్టునది అన్నము మాత్రమే కాదు. ఉదయమునుండి సాయంకాలము వరకు బిడ్డను కనిపెట్టియుండునది కూడ బడియే. ఆ నీడ తొలగినపుడు తల్లి కూలికి పోవలెనా, ఇంట ఉండవలెనా? ఉపాధి హామీ పనులలో ఆ యేడు రెండు రాష్ట్రములందును కూలి రోజుకు 237 రూపాయలు. పనిచోట ఆరేండ్ల లోపు పిల్లలు అయిదుగురో అంతకు మించియో ఉన్నచో వారిని చూచుకొనుటకు ఒక స్త్రీని నియమింపవలెనని నాటి చట్టములో ఉండెను. ఏడేండ్ల పిల్లను గూర్చి చట్టము మాటాడలేదు. ఆ పిల్లను బడి చూచుకొనునని దాని తలంపు.

పాఠములు ఫోనులోనికి మారినవి. ఇంటికి ఒకటే ఫోను, అది తల్లితో పనిలోనికి పోవును. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరిలోను టీశాట్‌లోను పాఠములు ప్రసారము చేయుట ఇట్టి ఇండ్లకు కొంత మేలు చేసెను.

2021 వేసవిలో రెండవ విజృంభణము వచ్చినది. తల్లిదండ్రులను ఇరువురిని కోల్పోయిన బాలలకై మే 29న కేంద్రము పథకము ప్రకటించెను. ఇరువది మూడవయేట పది లక్షల రూపాయలు, ఆరోగ్య బీమా, చదువు. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కూడ అట్టి బాలల పేర పది లక్షలు డిపాజిటు చేయుదుమనెను. అనాథ బాలలకు ఇది తగినదే, ఎవరును కాదనరు. కాని లెక్కలు చూడుడు. 2020 ఏప్రిల్ మొదలు 2022 జనవరి 11 వరకు, కోవిడ్ వలన గాని ఇతర కారణముల వలన గాని తల్లినో తండ్రినో ఇరువురినో కోల్పోయిన బాలలు, విడిచిపెట్టబడిన వారితో కలిపి, 1,47,492 మంది అని జాతీయ బాలల హక్కుల రక్షణ సంఘము సుప్రీంకోర్టుకు తెలిపెను. వారిలో ఇరువురిని కోల్పోయినవారు 10,094 మంది. ఒక్కరిని కోల్పోయినవారు 1,36,910 మంది. మొత్తములో ఆంధ్రప్రదేశ్ బాలలు 8,760 మంది. ఇరువురిని కోల్పోయిన ప్రతి బిడ్డ వెనుక ఒక్కరిని కోల్పోయిన బిడ్డలు పదుముగ్గురు నిలిచియున్నారన్నమాట. మిగిలియున్న ఒక్క తల్లియు కోవిడ్‌తో పోయినచో బిడ్డకు పథకము వర్తించుచుండెను. ఆమె కోలుకొని లేచి కూలికి పోయినచో వర్తింపకుండెను. దుఃఖమును దుఃఖముతో తూచుట తగదు. కాని తల్లి ప్రాణముతో ఉండుటయే బిడ్డకు అనర్హత యగుట చింతింపదగిన విషయము.

భర్తను కోల్పోయిన ఆ తల్లికి దక్కినది న్యాయస్థానము ద్వారా వచ్చినది. కోవిడ్ మృతుల కుటుంబములకు పరిహారము నిర్ణయింపవలసినదని 2021 జూన్ 30న సుప్రీంకోర్టు ఆదేశించెను. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 50,000 రూపాయలుగా నిర్ణయించినది. అక్టోబరు 4న కోర్టు దానిని ఆమోదించెను. మరణ ధ్రువపత్రములో కోవిడ్ అని లేదన్న ఒక్క కారణముతో త్రోసిపుచ్చరాదనియు, దరఖాస్తు అందిన ముప్పది దినములలో చెల్లింపవలెననియు అందు చెప్పిరి. శ్వాస ఆడక ఇంటనే కన్నుమూసినవారి భార్యలకు ఈ మాట ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. కొన్ని రాష్ట్రములు ఇంకను ముందుకు పోయినవి. అస్సాము 2021లో కోవిడ్ వితంతువులకు రెండున్నర లక్షల వరకు ఒకేసారి ఇచ్చెను. రాజస్థాను లక్ష రూపాయలు, నెలకు 1,500 పింఛను, బిడ్డకు నెలకు 1,000 ప్రకటించెను. ఢిల్లీ 50,000తో పాటు నెలకు 2,500 ఇచ్చుటకు పూనుకొనెను.

భర్త పోయినచో ధ్రువపత్రము ఉండును. విడిచిపోయినచో ఏ పత్రమును ఉండదు. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము తొలి వితంతు వివాహము జరిపించిన నాటినుండి తెలుగు పత్రికలు వితంతువును గూర్చి వ్రాయుచునే ఉన్నవి. మగడు బ్రతికియుండియు దిక్కులేని స్త్రీకి మాత్రము నిలకడయైన పేరు కూడ భాషలో కుదురలేదు. ‘మగడు విడిచినది’ అందురు; విడిచినవాని తప్పు విడువబడిన దాని పేరై కూర్చున్నది. తెలంగాణ ప్రభుత్వము 2017లో ‘ఒంటరి మహిళ’ అను మాటతో పింఛను ఆరంభించినపుడు, ఏడాదికి మించి భర్తకు ఎడమై ఉన్నవారిని అందులో చేర్చినది. ఆ మాట వాడుకలోనికి వచ్చుట మంచిదయ్యెను. అయినను లాక్‌డౌనునాడు తెల్లకార్డు కుటుంబమునకు తెలంగాణలో 1,500, ఆంధ్రలో 1,000 రూపాయలు ఇచ్చినపుడు కార్డు ఎవరి ఇంట ఉన్నదన్న ప్రశ్న వచ్చెను. 2013 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము ఇంటిలో పెద్ద స్త్రీయే కార్డునకు యజమానురాలు. స్త్రీలను గౌరవించు నియమమే. కాని ఉమ్మడి ఇంటిలో పెద్ద స్త్రీ అనగా అత్తగారు! కోడలు బిడ్డలతో పుట్టింటికి చేరినను ఆమె పేరు అత్తగారి కార్డులోనే ఉండిపోవును.

ఈ చిక్కులేవియు లేని సహాయము ఒకటి కలదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము 45వ సెక్షను ‘స్పాన్సర్‌షిప్’ అను ఏర్పాటు చేసి, తల్లి వితంతువైనను, విడాకులు పొందినదైనను, కుటుంబము విడిచినదైనను ఆ బిడ్డ దానికి తగునని స్పష్టముగా చెప్పినది. భర్త ఏ వ్యాధితో పోయెనన్న ప్రశ్న లేదు. అసలు పోయెనా అన్న ప్రశ్నయు లేదు. నెలకు 2,000 రూపాయలుగా ఉన్న ఈ మొత్తమును 2022లో మిషన్ వాత్సల్య మార్గదర్శకములు 4,000 చేసినవి. జిల్లా బాలల సంరక్షణ కార్యాలయమున దరఖాస్తు చేసికొనవలెను. పల్లెలో ఈ పేరు వినని తల్లులే ఎక్కువ. చెప్పగలవారు పిల్లను ఎదుట కూర్చుండబెట్టుకొను పంతులుగారు, పంతులమ్మగారు.

ఇందులోను ఒక గీటు ఉన్నది. కుటుంబపు ఆదాయము గ్రామములలో ఏడాదికి 72,000, ఇతర ప్రాంతములలో 96,000 రూపాయలకు మించరాదు. పల్లెలో అది నెలకు 6,000, రోజుకు 200. బిడ్డల చదువు మానిపింపరాదని ఏడాది పొడవునను ఒక్క దినము తప్పక పనికిపోయి, రోజుకు 210 రూపాయలు తెచ్చుకొను తల్లి ఆ గీటునకు ఆవల నిలుచును.