ఒకవైపే వినిపించు టెలిఫోను

ఇంటర్నెట్ మీదుగా టెలిఫోనులో మాట్లాడునపుడు అప్పుడప్పుడు ఒక వింత జరుగును. గంట మ్రోగును, అవతలివారు ఎత్తుదురు, మన మాట వారికి చక్కగా వినబడును. వారి మాట మాత్రము మనకు ఒక్కటియు వినబడదు. "మీ ఫోను చెడిపోయినది, బాగుచేయించుకొనుడు" అని మనము అరచెదము. వారు మన మాట నమ్మి కొత్త మైకు కొని తెచ్చుకొందురు. అయినను జబ్బు తగ్గదు. ఏలయన, తరచుగా లోపము వినబడనివాని ఇంటిలోనే ఉండును!

పాత టెలిఫోనులో ఇంటినుండి ఎక్స్చేంజి వరకు రెండు గొంతులును ఒకే తీగెల జతపై పోయెడివి. తీగె తెగినచో ఇద్దరికిని నిశ్శబ్దమే. ఇంటర్నెట్ టెలిఫోను పద్ధతి వేరు. మాటను సాధారణముగా 20 మిల్లీసెకనుల ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను ఒక పొట్లముగా కట్టి, పైన చిరునామా వ్రాసి పంపుదురు. అనగా సెకనుకు 50 పొట్లములు. మననుండి పోవునవి ఒక వరుస, మనకు వచ్చునవి మరొక వరుస. ఒకటి ఆగినను రెండవది ఆగదు. ఇక గంట మ్రోగించు పని వేరుగా, అనేక ఫోనులలో 'సిప్' అను ఒప్పందము ప్రకారము జరుగును. కనుక గంట మ్రోగినంత మాత్రమున మాటకు దారి తెరచియున్నదని తలచరాదు.

ఇంటర్నెట్ చిరునామాలు చాలక, 192.168తో మొదలగునవి మున్నగు కొన్నిటిని ఇంటిలోపలి వాడుకకై విడిగా ఉంచిరి. ఇవి హాస్టలు గదుల సంఖ్యలవంటివి. 20వ గది ప్రతి హాస్టలులోను ఉండును. వట్టి "20వ గది" అని వ్రాసి కార్డు వేసినచో పోస్టుమాను ఏమి చేయగలడు? ఇంటిలోని రౌటరు హాస్టలు గుమాస్తావంటిది. బయటకు పోవు ప్రతి కవరుపైన గది సంఖ్య కొట్టివేసి హాస్టలు చిరునామా వ్రాయును. ఏ గదిదో పుస్తకములో గుర్తుంచుకొని, జవాబు రాగానే ఆ గదికి అందించును.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. సిప్ కవరు లోపలి కాగితములో మన ఫోను "మాటలను 192.168.1.20కి పంపుడు" అని వ్రాయవచ్చును. గుమాస్తా కవరు పైభాగమును దిద్దునే గాని లోపలి కాగితమును చదువడు. అవతలి ఫోను ఆ కాగితమును నమ్మి పంపిన పొట్లములు మనకు చేరవు. మన పొట్లములు మాత్రము వారికి చేరుచునే యుండును.

కారణము వెదకునపుడు మైకు, దానికి ఇచ్చిన అనుమతి మొదట చూడవలెను. నేటి మొబైలు యాప్‌లు చిరునామా చిక్కును చాలవరకు తామే విప్పుకొనును గనుక, వాటిలో మైకు అనుమతియే ముందు చూడదగినది. తరువాత, వినబడని ఫోనునే ఇంటి వై-ఫై నుండి తప్పించి మొబైలు డేటాపై ప్రయత్నింపుడు. అప్పుడు వినబడినచో ఫోను మంచిదే, రౌటరును అనుమానింపవలెను. 'వైర్‌షార్క్' అను ఉచిత సాధనముతో అవతలివారికి చేరిన సిప్ కాగితమును విప్పి, 'సి=' అను పంక్తిలో లోపలి చిరునామా కనబడినచో దొంగ దొరికినట్లే.

కొన్ని రౌటర్లలో 'సిప్ ఎ.ఎల్.జి.' అను ఏర్పాటు కలదు. ఇది కాగితమును సైతము విప్పి దిద్దు అతితెలివి గుమాస్తా. తరచు తప్పుగా దిద్దును. దానిని ఆపివేయుటతోనే అనేక ఫోనులు బాగుపడును. లేనిచో 'స్టన్' సర్వరును వాడవచ్చును. "నా కవరుపై ఏ చిరునామా కనబడుచున్నది?" అని ఫోను దానిని అడిగి, ఆ చిరునామానే కాగితములో వ్రాయును. కాని కొన్ని రౌటర్లు ఒక్కొక్క గమ్యమునకు ఒక్కొక్క పోర్టు సంఖ్య వేయును. స్టన్ చెప్పిన సంఖ్య అక్కడ పనికిరాదు. అట్టిచోట ఇరువురి పొట్లములను నడుమ నిలిచి అందించు 'టర్న్' సర్వరు కావలెను. దారి కొంత పొడుగగును, మాట కాస్త ఆలస్యముగా చేరును. అయినను ఇద్దరికిని వినబడును.