లోయ మీద మూత: అరకులో సాయంత్రం మంట ఎందుకు వద్దంటున్నాను



డిసెంబరులో అరకు వచ్చినవాళ్లు పొద్దున్నే లేచి ఫొటోలు తీసుకునేది మంచునే. లోయంతా పాలు పోసినట్టు ఉంటుంది. కానీ మన భాషలో దానికి పొగమంచు అని పేరు. అందులో మంచెంత, పొగెంత అని రెండేళ్ల క్రితం దాకా నేనూ ఆలోచించలేదు.

ఆ డిసెంబరులో రాజ్మా నూర్చాక మిగిలిన తుక్కు, కలుపు కుప్ప చేసి సాయంత్రం ఆరింటికి అంటించాను. గాలి లేదు, మంట పక్కకు పాకదు, ఇదే మంచి టైమ్ అనుకున్నాను. పొగ కొంత ఎత్తు నిటారుగా లేచి, పైనుంచి ఎవరో అణిచినట్టు పరుచుకుని, పల్లంలో ఉన్న ఇళ్ల మీదకు జారింది. పక్కింటి పెద్దమ్మకి ఆయాసం. ఆ రాత్రి ఎక్కువై ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. నాలుగు రోజులకు తిరిగొచ్చి, "చలికి వస్తాది బాబూ, నీ పొగకి కాదులే" అంది. పొగ వల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేదు. కానీ ఆ రాత్రి మా దుప్పట్లు కూడా పొగ వాసనే.

వ్యవసాయ డిప్లొమాలో వాతావరణం పాఠం చదివి పాసైనవాణ్ణి నేను. అది నా పొలంలోనే జరుగుతోందని తట్టలేదు.

అసలు జరిగేదేంటి?

మామూలుగా పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది, కిలోమీటరుకు సుమారు 6.5 డిగ్రీలు. కింది వెచ్చని గాలి తేలికై పైకి పోతూ పొగను కూడా తీసుకుపోతుంది. చలికాలం రాత్రి ఇది తిరగబడుతుంది. ఆకాశంలో మబ్బు లేకపోతే నేల వేడి త్వరగా పోతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. మనం సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉన్నా, చుట్టూ గాలికొండ, సుంకరిమెట్ట లాంటి కొండలుండటంతో గిన్నె అడుగున ఉన్నట్టే. వాలు మీద చల్లబడిన గాలి నీళ్లలా జారి ఇక్కడికే చేరుతుంది. దాని పైన వెచ్చని గాలి పొర మూతలా కూర్చుంటుంది. పుస్తకాల్లో దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. ఎండ నేలను కాచి మూత తెరిచేదాకా పొయ్యి పొగ, చలిమంట పొగ, బండ్ల పొగ అన్నీ లోపలే. పైగా పొగలోని సన్న రేణువుల చుట్టూ తేమ చేరి మంచు ఇంకా చిక్కనవుతుంది. ఈ రేణువులు వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు, నేరుగా ఊపిరితిత్తుల లోతుకు పోతాయి.

కాలాన్ని బట్టి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన గాలిని కడిగేస్తుంది. అప్పుడు ఇబ్బందల్లా ఇంటి లోపల, తడి కట్టెల పొగతో. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మూత కాలం. పర్యాటకులు ఎక్కువగా వచ్చేదీ, చలిమంటలు వేసేదీ అప్పుడే. మార్చి నుంచి మే దాకా ఎండకు మూత త్వరగా తెరుచుకుంటుంది గానీ, కొండల మీద పోడు మంటలు, అడవి మంటలు ఉంటాయి. రాత్రి కిందికి జారే గాలి ఆ పొగను కూడా లోయలోకి దింపుతుంది.

నేను మార్చుకున్నవి

ఒకటి, తుక్కు కాల్చడం మానేశాను. వరిగడ్డి ఒక టన్ను కాలిస్తే సుమారు 5.5 కిలోల నత్రజని, 400 కిలోల సేంద్రియ కర్బనం పోతాయి. జీవామృతం కలిపేది నేలకు బలం కోసం, అగ్గిపుల్లతో ఆ బలాన్నే గాల్లో కలిపితే ఎలా? ఇప్పుడు తుక్కంతా మిరియం పాదుల్లో ఆచ్ఛాదనగా వేస్తున్నాను. తెగులు సోకినదాన్ని మాత్రం గుంత తీసి పూడుస్తున్నాను.

రెండు, అగ్నిఅస్త్రం కాయడం. మిర్చి, పొగాకు వేసి మరిగిస్తాం కదా, ఆ ఘాటు మామూలుది కాదు. ఇదివరకు పని అయ్యాక సాయంత్రం కాచేవాణ్ణి. ఇప్పుడు పొద్దున పదకొండు దాటాక, ఎండిన కట్టెలతో, ఇళ్లకు దూరంగా కాస్తున్నాను.

మూత ఉందో లేదో తెలియడానికి మీటరు అక్కర్లేదు. పొద్దున్నే ఏ ఇంటి పొయ్యి పొగైనా చూడండి. కలిసిపోతూ పైకి పోతే మూత లేదు. కొంత లేచి అడ్డంగా పరుచుకుంటే ఉన్నట్టే. ఉదయం ఏడింటికి, పదకొండింటికి ఒకే చోట నుంచి తీసిన పొగను పైన వీడియోలో పక్కపక్కనే పెట్టాను, తేడా చూడండి.

మొన్న పెద్దమ్మ మా గట్టు మీద కూర్చుని, "ఈ ఏడు కుప్ప అంటించలేదేం బాబూ?" అని అడిగింది. "నేలకి కావాలి పెద్దమ్మా" అన్నాను. సగం నిజమే చెప్పాను.

మీ ఊరు కూడా కొండల మధ్య ఉంటే, ఈ చలికాలం ఆ కుప్పను సాయంత్రం అంటించకండి. వీలైతే అసలే అంటించకండి.